అద్దె కట్టాక చేతిలో ఏం మిగులుతోంది? తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల అద్దె భారాన్ని కొలవడం ఎలా

అద్దె భారం గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే లెక్క వినిపిస్తుంది, ఆదాయంలో 30 శాతం లోపు అద్దె ఉంటే పర్లేదు, దాటితే ఇబ్బంది అని. ఇది సులువు, గుర్తుంటుంది, ఒక్క భాగహారంతో అయిపోతుంది, అందుకే అందరూ వాడతారు. కానీ చాలీచాలని ఆదాయంతో నెట్టుకొచ్చే కుటుంబాలని దీంతో మాత్రమే కొలిస్తే నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు లెక్కలోంచి జారిపోతారు, ఫర్వాలేకుండా ఉన్నవాళ్లు లెక్కలోకి వచ్చి కూర్చుంటారు. సాయం ఎవరికి అందాలి, ఎంత అందాలి అన్నది ఈ అంకెల మీదే తేలుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మీరు ఎన్జీవోలో పని చేస్తున్నా, కాలేజీ ప్రాజెక్ట్ చేస్తున్నా, ఒక కాలనీలో సర్వే పెట్టుకున్నా ఈ పద్ధతి పనికొస్తుంది, ఎక్సెల్ షీట్ ఒక్కటి ఉంటే చాలు. ఉదాహరణల్లో నేను ఏ దేశం డబ్బూ పెట్టట్లేదు, ఉత్త అంకెలే వాడతా, మీ దగ్గరి అంకెలు మీరు వేసుకోండి.

అసలు ఈ 30 ఎక్కడిదో ముందు తెలిస్తే మంచిది. ఆదాయం తగ్గేకొద్దీ అందులో అద్దె వాటా పెరుగుతుందని హెర్మన్ ష్వాబె 1868లోనే బెర్లిన్ లెక్కలతో చూపించాడు. ఆ తర్వాత చాలా కాలానికి, 1969లో అమెరికాలో గవర్నమెంట్ ఇళ్లలో అద్దెకుండేవాళ్ల దగ్గర ఆదాయంలో 25 శాతానికి మించి తీసుకోకూడదని చట్టం చేశారు, సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ పెట్టిన సవరణ అది. 1981లో ఆ 25ని 30 చేశారు. అంటే అది అద్దె ఎంత వసూలు చేయాలని పెట్టిన పరిమితి, అంతేగానీ ఒక కుటుంబం తిండీ మందులూ పోను ఎంత భరించగలదో కొలిచి తేల్చిన అంకె కాదు. ఈ తేడా మనసులో పెట్టుకుని ముందుకెళ్దాం.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

చాలామంది డేటా దొరికింది కదా అని లెక్కలు మొదలుపెట్టేస్తారు, ఏం కనుక్కుంటున్నారో మధ్యలో మర్చిపోతారు. ఇక్కడ నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఇప్పుడు అద్దెకుంటున్న కుటుంబాలు ఎంత ఇబ్బంది పడుతున్నాయి అన్నది ఒకటి. కొత్తగా ఇల్లు వెతుక్కునే పేద కుటుంబానికి ఈ ఊళ్లో భరించగలిగే ఇల్లు దొరుకుతుందా అన్నది రెండోది. అలాంటి ఇళ్లు ఇంకా ఎన్ని కావాలి అన్నది మూడోది. మొదటిదానికి కుటుంబాల దగ్గరికెళ్లి అడగాలి, రెండోదానికి ఈ మధ్య కొత్తగా అద్దెకిచ్చిన ఇళ్ల అద్దెలు కావాలి, మూడోదానికి ఇళ్ల లెక్కా కుటుంబాల లెక్కా రెండూ కావాలి. ఒకదాని డేటాతో ఇంకోదానికి జవాబు చెప్పబోతే తప్పు వస్తుంది. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు కట్టే పాత అద్దెలు చూసి ఊళ్లో అద్దెలు తక్కువే అనేసుకోవడం దీనికి మామూలుగా కనిపించే ఉదాహరణ. అమెరికాలో ఫెయిర్ మార్కెట్ రెంట్ అని, అంటే అద్దె సాయానికి గవర్నమెంట్ ప్రమాణంగా పెట్టుకునే అద్దె, తేల్చేటప్పుడు ఈమధ్యే ఇల్లు మారినవాళ్ల అద్దెల్ని చూసేది అందుకే, అందులోనూ సగటు తీసుకోరు, కింది నుంచి పేర్చుకుంటూ వస్తే 40 శాతం దగ్గర పడే అద్దెని పట్టుకుంటారు.

2. ఒక ఇంటి కింద ఎవరిని లెక్కేయాలి

ఒకే తాళంచెవితో ఉండేవాళ్లంతా ఒకే కుటుంబం అనుకోవద్దు. ఒక పోర్షన్‌లో రెండు కుటుంబాలు అద్దె పంచుకుని ఉండొచ్చు, వాళ్లిద్దరి ఆదాయం కలిపేస్తే ఒక కుటుంబం పడే ఇబ్బంది రెండోదాని ఆదాయం వెనక దాక్కుంటుంది, ఎవరి కుంపటి వాళ్లకే వేరుగా ఉన్నా సరే. సర్వేలో ఒక ప్రశ్న పెట్టండి, ఖర్చులు కలిసి పెట్టుకుంటున్నారా విడివిడిగానా అని. విడివిడిగా అంటే ఒకే ఇంటికి రెండు వరుసలు రాయండి, అద్దెలో ఎవరి వాటా వాళ్లకి వేసి.

3. ఆదాయం: సగటు దగ్గర ఆగొద్దు

చేతికొచ్చే ఆదాయమే తీసుకోండి, కోతలన్నీ పోయాక మిగిలేది. జీతంతో పాటు పెన్షన్, ఊరి నుంచి పిల్లలు పంపేది, సర్కారు సాయం, అన్నీ విడివిడి కాలమ్స్‌లో రాయించండి, తర్వాత కలపొచ్చు, ముందే కలిపి రాస్తే మళ్లీ విడదీయడం కుదరదు. అప్పు తెచ్చుకున్న డబ్బు ఆదాయం కాదు, అది వేరే కాలమ్‌లో ఉండాలి, ఎందుకంటే అప్పు తెచ్చి అద్దె కట్టే ఇల్లు బయటికి క్రమంగా కడుతున్నట్టే కనిపిస్తుంది.

రోజు కూలీలకి, సీజన్ పనులు చేసేవాళ్లకి ఏడాది సగటు చాలా మోసం చేస్తుంది. ఒక ఇంటికి నెలకి సగటున 18,000 వస్తుంది, అద్దె 5,000 అనుకోండి, అంటే 27.8 శాతం, అంతా బాగున్నట్టే. కానీ ఏడాదిలో మూడు నెలలు పని సరిగ్గా దొరక్క 9,000 మాత్రమే వస్తే ఆ నెలల్లో అద్దె వాటా 55.6 శాతం. ఇంటి ఓనరు సగటు చూసి అద్దె తీసుకోడు కదా, ఏ నెలది ఆ నెలే అడుగుతాడు, ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేది కూడా అలాంటి నెలల్లోనే. అందుకే కనీసం మూడు అంకెలు అడగండి: మామూలు నెలలో ఎంత, బాగా తక్కువ వచ్చిన నెలలో ఎంత, అలాంటి నెలలు ఏడాదికెన్ని. పన్నెండు నెలలూ అడగ్గలిగితే మరీ మంచిది, కానీ జనానికి అంత గుర్తుండదు, బలవంతం చేస్తే ఊహించి చెప్తారు.

ఆదాయం సున్నా అని వచ్చిన ఇళ్లని ఏం చేయాలి అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. సున్నాతో భాగించలేం కాబట్టి ఎక్సెల్ ఎర్రర్ చూపిస్తుంది, చాలామంది ఆ వరుసలు తీసేస్తారు. దయచేసి తీసేయొద్దు. అందులో కొందరు దాచుకున్న డబ్బు మీద బతికేవాళ్లు ఉండొచ్చు, కానీ అందరికంటే దీనస్థితిలో ఉన్నవాళ్లు కూడా ఆ వరుసల్లోనే ఉంటారు. వాళ్లని వేరే గ్రూపుగా పెట్టి ఎంతమందో చెప్పండి.

4. ఖర్చు: అద్దె ఒక్కటే కాదు

అద్దె అని ఓనరుకి ఇచ్చేది మాత్రమే రాసుకుంటే లెక్క సగమే. కరెంటు, నీళ్లు, వంట గ్యాస్, మెయింటెనెన్స్ అన్నీ కలిపాకే ఆ ఇంట్లో ఉండటానికి అయ్యే ఖర్చు తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో కరెంటు అద్దెలోనే కలిసి ఉంటుంది, కొన్నింట్లో విడిగా కట్టాలి, ఇది సరిచేయకుండా రెండిళ్లని పోల్చకూడదు.

అడ్వాన్స్ సంగతి చాలామంది వదిలేస్తారు. తిరిగొచ్చే డబ్బే కదా అంటారు, నిజమే, కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? 60,000 అడ్వాన్స్ నెలకి నూటికి రెండు వడ్డీకి తెచ్చి ఇచ్చారనుకోండి, నెలకి 1,200 వడ్డీ కడుతున్నారు, అది ఇంటి ఖర్చు కాక మరేంటి. తిరిగి రానివి, అంటే బ్రోకర్ ఫీజు, సామాన్లు తరలించిన ఖర్చు లాంటివి, ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటారో అన్ని నెలలకి పంచేయండి. 12,000 అయింది, రెండేళ్లుంటారు అనుకుంటే నెలకి 500. ఏడాదికోసారి ఇల్లు మారాల్సి వచ్చే కుటుంబానికి ఇదే 1,000 అవుతుంది, తరచుగా మారేవాళ్లు సాధారణంగా పేదవాళ్లే కాబట్టి ఈ కాలమ్ తప్పనిసరి.

పనికి వెళ్లొచ్చే ఖర్చు కూడా రాసుకోండి, కానీ ఇంటి ఖర్చులో కలపకుండా పక్కన ఇంకో కాలమ్‌లో. ఊరి చివర అద్దె తక్కువని వెళ్లినవాళ్లు ఆ మిగిలిందంతా బస్సులకీ ఆటోలకీ పెట్టడం అందరికీ తెలిసిందే. అమెరికాలో సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ వాళ్లు ఇల్లూ ప్రయాణం కలిపి ఒక ఇండెక్స్ చేశారు, రెండూ కలిపి 45 శాతం లోపు ఉండాలనేది వాళ్ల కొలమానం. ఆ 45 మీకు నచ్చకపోయినా రెండూ కలిపి చూడటం మాత్రం మానొద్దు.

అద్దె సాయం వచ్చే ఇళ్ల దగ్గర జాగ్రత్త. ఒక ఇంటికి ఆదాయం 20,000, అందులో 3,000 అద్దె సాయం, ఇంటి ఖర్చు 8,000. సాయాన్ని ఆదాయంలోనే ఉంచి భాగిస్తే 40 శాతం. సాయాన్ని రెండు వైపుల నుంచీ తీసేస్తే 17,000లో 5,000, అంటే 29.4 శాతం. ఇల్లు అదే, డబ్బు అదే, ఒక లెక్కలో భారం, ఇంకో లెక్కలో భారం లేదు. యూరోపియన్ యూనియన్ గణాంకాల సంస్థ యూరోస్టాట్ వాళ్లు రెండో పద్ధతి వాడతారు. మీరు ఏది వాడినా సరే, అన్ని ఇళ్లకీ అదే వాడండి, రిపోర్టులో మొదటి పేజీలోనే రాయండి.

5. శాతం లెక్క కట్టండి, కానీ దాన్ని జల్లెడగా మాత్రమే చూడండి

ఇప్పుడు ఇంటి ఖర్చుని ఆదాయంతో భాగించండి. అమెరికాలో 30 దాటితే భారం అనీ, 50 దాటితే తీవ్ర భారం అనీ అంటారు. యూరోస్టాట్ గీత 40 దగ్గర ఉంది. ఆస్ట్రేలియాలో వాడే 30/40 రూల్ నాకు వీటికంటే నచ్చుతుంది, అందులో ముందు ఆదాయం ప్రకారం కింది 40 శాతం కుటుంబాలని విడదీసి, వాళ్లలో మాత్రమే 30 శాతం దాటినవాళ్లని లెక్కేస్తారు. బాగా సంపాదించేవాళ్లు ఇష్టపడి పెద్ద ఇల్లు తీసుకుని 35 శాతం కట్టడం వేరు, గత్యంతరం లేక 35 కట్టడం వేరు. మీ షీట్‌లో కూడా ఈ ఫిల్టర్ పెట్టుకోండి. 30, 40, 50 మూడు గీతల దగ్గరా ఎంతమంది ఉన్నారో రాయండి, ఒక్క గీత మీదే ఆధారపడితే 29.8 ఉన్న ఇల్లు బయటా 30.1 ఉన్న ఇల్లు లోపలా ఉండి రెండూ వేరే లోకాల్లో ఉన్నట్టు కనపడతాయి.

6. అద్దె పోగా మిగిలింది చూడండి, అసలు కొలత ఇదే

రెండు ఇళ్లు తీసుకుందాం, రెండింటికీ నెలకి 30,000 ఆదాయం. మొదటి ఇంట్లో ఒక్కరే, అన్నీ కలిపి ఇంటి ఖర్చు 10,500, అంటే 35 శాతం. రెండో ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ముగ్గురు చిన్నపిల్లలు, ఇంటి ఖర్చు 8,400, అంటే 28 శాతం. 30 శాతం రూల్ ప్రకారం మొదటి ఇల్లు ఇబ్బందుల్లో ఉంది, రెండోది బాగుంది.

ఇప్పుడు ఒక మనిషి తిండి, మందులు, బట్టలు, ప్రయాణం, ఫోను, ఇలా ఇల్లు కాకుండా మిగతా కనీస అవసరాలకి నెలకి 11,000 కావాలనుకుందాం. మొదటి ఇంట్లో అద్దె పోగా 19,500 ఉంది, అవసరాలు తీరాక 8,500 మిగులు. రెండో ఇంట్లో అద్దె పోగా 21,600 ఉంది. అయిదుగురికి ఎంత కావాలి? ఇంట్లో మనుషులు పెరిగితే ఖర్చు ఎంత పెరుగుతుందో చెప్పే స్కేల్స్ ఉన్నాయి, అందులో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలుండే ఆర్థిక సంస్థ) సవరించిన స్కేల్ ప్రకారం మొదటి పెద్దకి 1, తర్వాతి పెద్దవాళ్లకి 0.5 చొప్పున, పిల్లలకి 0.3 చొప్పున వేస్తారు, మొత్తం 2.4. అంటే 26,400 కావాలి. వాళ్ల చేతిలో ఉన్నదానికంటే 4,800 ఎక్కువ. ఆ 4,800 ఎక్కడ కోస్తారు? అమ్మ మందులు ఆపేస్తుంది, పిల్లాడి ఫీజు వచ్చే నెలకి పోతుంది, లేదా అప్పు. ఈ కుటుంబం నిజంగా భరించగలిగే ఇంటి ఖర్చు 3,600, ఆదాయంలో 12 శాతం మాత్రమే, 30 శాతం రూల్ మాత్రం 9,000 దాకా కట్టొచ్చు అంటుంది. భారమని చెప్పిన ఇల్లు నిలదొక్కుకుంది, బాగుందని చెప్పిన ఇల్లు మునిగిపోతోంది. అందుకే శాతాన్ని జల్లెడ అన్నాను, నిర్ణయం దాంతో చేయొద్దు.

మైఖేల్ స్టోన్ లాంటి పరిశోధకులు దశాబ్దాల క్రితమే ఈ పద్ధతి కోసం వాదించారు. అయినా ఇది తక్కువ వాడటానికి కారణం ఒకటే, ఆ 11,000 ఎంతో తేల్చడం కష్టం. దానికి మూడు దారులున్నాయి. మీ దగ్గర అధికారిక దారిద్ర్య రేఖ ఉంటే అందులోంచి ఇంటి ఖర్చు భాగం తీసేయొచ్చు, తీయడం మర్చిపోతే అద్దె రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. లేదంటే ఎవరైనా తయారుచేసిన కనీస బడ్జెట్ దొరికితే వాడొచ్చు. రెండూ లేకపోతే మీరే ఆ కుటుంబాలతో కూర్చుని ఒక్కో ఖర్చూ రాయించి కట్టొచ్చు, ఇదే నమ్మకమైనది అని నా అభిప్రాయం, కాకపోతే ఒక జాగ్రత్త ఉంది: వాళ్లు ఇప్పుడు పెడుతున్న ఖర్చుని అవసరంగా రాసేయొద్దు. డబ్బుల్లేక డాక్టర్ దగ్గరికి వెళ్లని ఇంట్లో వైద్యం ఖర్చు సున్నా అని ఉంటుంది. అవసరం సున్నా కాదు కదా.

స్కేల్ మార్చినా జవాబు మారుతుంది, ఇది కూడా పరీక్షించి చూడాలి. అదే అయిదుగురి ఇంటికి సభ్యుల సంఖ్య వర్గమూలం వాడే పద్ధతిలో 2.236 వస్తుంది, కావాల్సింది దాదాపు 24,600. పాత ఓఈసీడీ స్కేల్‌లో రెండో పెద్దకి 0.7, పిల్లలకి 0.5, మొత్తం 3.2, కావాల్సింది 35,200, అంటే ఇల్లు ఉచితంగా ఇచ్చినా చాలదు. మూడింటిలోనూ ఆ ఇల్లు లోటులోనే ఉంది కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు. ఒకదాంట్లో లోటు, ఇంకోదాంట్లో మిగులు వచ్చే ఇళ్లుంటే వాటిని సరిహద్దులో ఉన్నవిగా వేరే రాయండి. ఇంకో సంగతి, ఈ స్కేల్స్ ఇంటి ఖర్చుతో సహా మొత్తం బతుకు ఖర్చుని మనసులో పెట్టుకుని చేసినవి, ఇంటి గోడలు పంచుకున్నట్టు తిండి పంచుకోలేం, కాబట్టి ఇల్లు తీసేసిన బడ్జెట్‌కి వీటిని వాడితే పెద్ద కుటుంబాల అవసరం తక్కువగా తేలే ప్రమాదం ఉంది. తిండి లాంటివి మనిషికింత అని లెక్కేసి, మిగతావాటికి మాత్రం స్కేల్ వాడటం మంచిది.

7. అద్దె తక్కువగా ఎందుకుందో అడగండి

కొన్ని ఇళ్లలో శాతమూ తక్కువే, మిగులూ ఉంటుంది. సంతోషించే ముందు ఆ ఇల్లు ఒకసారి చూడండి. ఒకే గదిలో ఆరుగురు, పైకప్పు కారడం, బాత్రూమ్ నాలుగిళ్లకి ఒకటి, అలాంటప్పుడు తక్కువ అద్దెకి వాళ్లు చెల్లిస్తున్న ధర డబ్బులో కనిపించట్లేదు అంతే. కెనడాలో దీన్ని పద్ధతిగా చూస్తారు: ఇల్లు పెద్ద రిపేర్లు అవసరం లేకుండా ఉందా, మనుషులకి సరిపడా గదులున్నాయా, ఖర్చు ఆదాయంలో 30 శాతం లోపుందా, ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పి, దానికి తోడు ఆ చుట్టుపక్కల సరైన ఇంటి మధ్యస్థ అద్దె (అద్దెలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది) కూడా ఆ కుటుంబం 30 శాతంలో కట్టలేకపోతే, దాన్ని ఇంటి అవసరం ఉన్న కుటుంబంగా లెక్కేస్తారు. ఐక్యరాజ్యసమితి హ్యాబిటాట్ వాళ్లు గదికి ముగ్గురు దాటితే ఇరుకు అంటారు. మీరూ ఇదే చేయండి: ఇరుకుగానో పాడైన ఇంట్లోనో ఉన్న ప్రతి కుటుంబానికీ వాళ్లు ఇప్పుడు కట్టే అద్దె బదులు సరైన ఇంటి అద్దె వేసి 6వ మెట్టు లెక్క మళ్లీ చేయండి. ఎన్ని ఇళ్లు మిగులు నుంచి లోటులోకి పడతాయో చూస్తే అసలు చిత్రం కనిపిస్తుంది.

బంధువుల ఇంట్లో సర్దుకుంటున్నవాళ్లు, పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్లు అద్దె సర్వేలో అసలు ఉండరు. అద్దె కట్టలేక ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లు కూడా ఉండరు. వాళ్లు వెళ్లిపోతే భారం శాతం తగ్గినట్టు కనిపిస్తుంది, పరిస్థితి మెరుగైందని రాసేస్తారు. రిపోర్టులో ఈ మాట రాయకుండా ముగించొద్దు.

8. ఎంతమంది అన్నదానితో పాటు ఎంత లోతు అన్నదీ చెప్పండి

100 ఇళ్లలో 40 ఇళ్లు లోటులో ఉన్నాయి అంటే అందులో 200 లోటు ఉన్న ఇల్లూ 9,000 లోటు ఉన్న ఇల్లూ సమానమైపోతాయి. ప్రతి ఇంటి లోటూ కలిపి మొత్తం రాయండి, ఆ మొత్తమే నెలకి ఎంత సాయం కావాలో చెప్తుంది. సగటుతో పాటు మధ్యస్థం కూడా రాయండి, ఒకటి రెండు పెద్ద అంకెలు సగటుని లాగేస్తాయి.

9. ఇళ్ల వైపు నుంచి కూడా ఒకసారి

కుటుంబాల లెక్క అయ్యాక ఇళ్లు సరిపోతాయా అని చూడాలి. ఒక ఊళ్లో పేద కుటుంబాలు 1,000, వాళ్లు భరించగల అద్దెలో ఉన్న ఇళ్లు 700 అనుకోండి. నూటికి 70 ఉన్నాయి, 300 కడితే చాలు అనిపిస్తుంది. కానీ ఆ 700లో 300 ఇళ్లలో అంతకంటే బాగా సంపాదించేవాళ్లు ఉంటున్నారు. పేదవాళ్లకి నిజంగా అందుబాటులో ఉన్నవి 400, నూటికి 40, అంటే కొరత 300 కాదు, 600. అమెరికాలో పేదల ఇళ్ల కోసం పనిచేసే నేషనల్ లో ఇన్‌కమ్ హౌసింగ్ కోయెలిషన్ వాళ్లు కొరత లెక్కేసేది ఇలాగే, చవగ్గా ఉండటం, ఖాళీగా గానీ పేదవాళ్ల చేతిలో గానీ ఉండటం రెండూ చూస్తారు.

వాళ్లదే ఇంకో లెక్క జనానికి చెప్పడానికి బాగా పనికొస్తుంది, అద్దెని జీతంలోకి మార్చడం. అద్దె 9,000 ఉంటే అది 30 శాతం కావాలంటే నెలకి 30,000, ఏడాదికి 3,60,000 రావాలి. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు, అంటే గంటకి 173. కనీస వేతనం గంటకి 80 అయితే వారానికి దాదాపు 87 గంటలు పని చేయాలి. ఇందులో 30 శాతం రూల్ లోపాలన్నీ ఉన్నాయి, కానీ శాతాలూ స్కేళ్లూ అర్థం కాని మీటింగ్‌లో ఈ ఒక్క అంకె చెప్తే అందరూ తలెత్తి వింటారు.

10. రాసేటప్పుడు

ఒకే టేబుల్‌లో నాలుగు గళ్లు పెట్టండి: శాతం లెక్కలో భారం ఉండి లోటు కూడా ఉన్నవాళ్లు, భారం ఉన్నా లోటు లేనివాళ్లు, భారం లేకపోయినా లోటు ఉన్నవాళ్లు, రెండూ లేనివాళ్లు. మూడో గడిలో ఎవరున్నారో, ఎంతమంది పిల్లలున్నారో, ఎవరికి జబ్బు ఉందో వివరంగా రాయండి, ఎందుకంటే మామూలు రిపోర్టులన్నీ వదిలేసేది వాళ్లనే. మొదటి గడివాళ్లకి అద్దె తగ్గితే మేలు జరుగుతుంది, మూడో గడిలో ఉన్న చాలామందికి అద్దె కాస్త తగ్గితే సరిపోదు, ఆదాయమే పెరగాలి, ఈ తేడా చెప్పకపోతే సాయం తప్పు చోటికి వెళ్తుంది.

చిన్న సర్వే అయితే శాతాల పక్కన ఇళ్ల సంఖ్య కూడా తప్పక వేయండి. పేర్లు, ఇంటి నంబర్లు, ఓనరు పేరు షీట్‌లోంచి తీసేశాకే ఎవరికైనా పంపండి, ఎంత కడుతున్నారో ఏం దాస్తున్నారో బయటపడితే ఆ కుటుంబానికి ఇల్లు పోవచ్చు. మళ్లీ ఏడాది కొలిచేటప్పుడు ఆ కనీస బడ్జెట్‌ని మొత్తంగా ఒకే శాతం పెంచేయకుండా తిండి, మందులు, ప్రయాణం, ఫీజులు దేనికది ఇప్పటి ధరలతో కట్టండి. గీతలు మాత్రం మార్చొద్దు, మార్చాల్సి వస్తే పోయినేడాది డేటా మీద కూడా కొత్త గీతతో లెక్క మళ్లీ చేసి రెండూ పక్కపక్కన పెట్టండి.